నక్కలవాగు వంతెన, కదిలే రకం

నక్కలవాగులో ఇరవై రెండేళ్ళుగా ఒక్క మనిషి కూడా కొట్టుకుపోలేదు. జువ్విపాలెం ఊరికి పట్టిన శని అదే.

కొట్టుకుపోకపోవడానికి కారణం దేవుడు కాదు, మాలకొండయ్య. మూడెకరాల మెట్ట రైతు. కంది వేస్తాడు, వాన కలిసొస్తే వేరుశనగ వేస్తాడు. ఊరికీ తారురోడ్డుకూ మధ్య ఎనభై అడుగుల వెడల్పున వాగు. ఎండాకాలం అందులో మేకలు పడుకుంటాయి. వానాకాలం పైన కొండల్లో నాలుగు చినుకులు పడితే చాలు, ఇక్కడ నడుంలోతు నీళ్ళు పరుగెత్తుతాయి. నీళ్ళకన్నా ఇసుక ప్రమాదం. నిన్న గట్టిగా ఉన్నచోట ఇవాళ మనిషిని మింగుతుంది.

అందుకని మాలకొండయ్య రోజూ పొద్దున్నే కర్రతో వాగు అడుగు పొడుచుకుంటూ పోయి, గట్టి నేల ఉన్నంత మేరా తంగేడు కొమ్మలు గుచ్చేవాడు. ఇవతలి గట్టున రాతి గూటానికీ అవతలి గట్టున తుమ్మ మొద్దుకూ మోకు కట్టేవాడు. ఆ తర్వాత బడిపిల్లల్ని భుజాన, పాలక్యాన్లను నెత్తిన, ముసలివాళ్ళను వీపున దాటించేవాడు. నిండుచూలాలైతే మరో ముగ్గుర్ని కేకేసి నులకమంచం మీద మోసేవాడు. ఎవరైనా చేతిలో ఏదన్నా పెట్టబోతే, "మీ ఇంటికొచ్చిన రోజు మజ్జిగ పొయ్యి, చాల్లే" అనేవాడు. ఇదంతా అయ్యాక పొలం పోయేవాడు. అందుకే ఆయన కందిచేలో కందికన్నా కలుపు ఏపుగా ఉండేది.

ఇప్పుడాయనకు యాభై ఎనిమిది. మబ్బు ఉరమకముందే మోకాళ్ళు ఉరుముతున్నాయి. తను పూర్తిగా కూలబడేలోపు వాగు మీద ఒక వంతెన చూడాలని ఆయన కోరిక. అంతకుమించి ఆయనకు ఈ ప్రభుత్వంతో గానీ, ఏ ప్రభుత్వంతో గానీ పేచీ లేదు.

ఏటా అర్జీ పట్టుకుని మండలంలోని వంతెనల ఆఫీసుకు పోయేవాడు. అక్కడ సీనియర్ అసిస్టెంటు దైవాధీనం గారు ఏటా అదే రిజిస్టరు తీసి, ఏటా అదే పేజీ తిప్పేవారు.

"నక్కలవాగు. మరణాలు లేవు. ప్రమాదాలు లేవు. ఈ ఏడు ఎంతమంది పోయారయ్యా?"

"ఎవరూ పోలేదు సార్. నేను పోనిస్తే గదా."

"అదే నువ్వు చేస్తున్న తప్పు. పక్క మండలం చూడు. పోయినేడు ముగ్గురు పోయారు, ఏడు తిరక్కుండా వంతెన పడింది. వాళ్ళ వైపు నుంచి కొంత కృషి ఉంది. మీ ఊరి వైపు నుంచి ఏ ప్రయత్నమూ లేకుండా ఊరికే కాయితాలు తెస్తే మేమేం చెయ్యగలం?"

మాలకొండయ్య ఐదో తరగతితో బడి మానేసినవాడు. చదువుకున్నవాళ్ళ లెక్క అర్థం కాకపోతే లోపం తనదే అనుకునేవాడు. నమస్కారం పెట్టి వచ్చేసేవాడు.

ఇట్లా ఉండగా పై నుంచి ఒక ఉద్యమం దిగింది. దాని పేరు 'ప్రతి వాగుకూ వంతెన'. శ్రావణమాసం ముగిసేలోపు రాష్ట్రంలో వంతెన లేని వాగు కనపడకూడదు. వంతెనలు కట్టమని మాత్రం ఆ ఉత్తర్వులో ఎక్కడా లేదు. వంద శాతం అని ఉంది.

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుందనగా జీపు అవతలి గట్టున ఆగింది. ఏఈ శేషఫణి గారూ దైవాధీనం గారూ దిగారు. మాలకొండయ్య పరుగున పోయి ఒక్కొక్కరినీ వీపున వేసుకుని ఇవతలికి తెచ్చాడు. ఏఈ గారి బూట్లకు తడి తగలలేదు. మాలకొండయ్య దైవాధీనం గారి చేతిలో టేపు చూశాడు. వాగు కొలవడానికి వచ్చారనుకున్నాడు.

ఏఈ గారు పలకలాంటి ఫోను తెరిచారు. అందులో మొదటి ప్రశ్న: వంతెన ఉన్నదా? 'లేదు' అని నొక్కితే అద్దమంతా ఎర్రబడి కారణం అడుగుతోంది. కారణాలుగా అది ఒప్పుకునేవి రెండే. వాగు లేదు, ఊరు లేదు. ఏఈ గారు వాగు వైపు చూశారు. ఉంది. ఊరి వైపు చూశారు. అదీ ఉంది. చెమట తుడుచుకున్నారు.

"జనం ఈ వాగు దాటుతున్నారా?"

"రోజూ దాటతన్నారు సార్."

"దేని మీద?"

"నా మీదే సార్."

ఏఈ గారు కాసేపు ఆయన్ని తేరిపార చూశారు. ముఖంలో మెల్లగా వెలుగు వచ్చింది. 'ఉన్నది' అని నొక్కారు. వంతెన పేరు దగ్గర 'మాలకొండయ్య' అని కొట్టారు.

"నిటారుగా నిలబడు. దైవాధీనం గారూ, టేపు పట్టండి."

పొడవు ఐదడుగుల ఆరంగుళాలు తేలింది. భుజాల దగ్గర వెడల్పు అడుగున్నర.

"నిర్మాణ సంవత్సరం?"

"ఏంది సార్ అది?"

"పుట్టిందెప్పుడయ్యా?"

"పెద్ద గాలివాన కొట్టిన మరుసటేడని మాయమ్మ చెప్పేది."

"నిర్మాణ సంస్థ? అంటే, మీ నాన్న పేరు."

"వెంకటసుబ్బయ్య."

"నిర్మాణంలో వాడిన సామగ్రి?"

మాలకొండయ్య ఆలోచించాడు. "సంకటి సార్. కంది పచ్చడి."

'స్థానికంగా లభించే సామగ్రి' అని పడింది. రకం దగ్గర స్థిరమైనది, తేలేది, కదిలేది అని మూడు ఉంటే 'కదిలేది' నొక్కారు. ఇక బరువు పరీక్ష మిగిలింది. ఏఈ గారు వీపునెక్కి దిగారు. తర్వాత దైవాధీనం గారు ఊళ్ళో దొరికిన సిమెంటు బస్తా ఒళ్ళో పెట్టుకుని ఎక్కబోతే వంతెన మూలిగింది. బరువు పరిమితి డెబ్బై కిలోలు అని రాసుకున్నారు.

గట్టు పక్కనే ఉన్న ఇంట్లోంచి వచ్చిన తిరపతమ్మ, మొగుణ్ణి నిలబెట్టి టేపు పెడుతున్న ఆఫీసర్లను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏందయ్యా అట్టా కొలస్తన్నారు మా ఆయన్ని, పాడె కట్టటానికా?"

"వంతెన వస్తందే" అన్నాడు మాలకొండయ్య మెడ తిప్పకుండా. మెడ తిప్పితే కొలత తప్పుతుందని ఏఈ గారు చెప్పారు.

వారం తిరక్కముందే ప్రారంభోత్సవం జరిగింది. ఊరికి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన పేరెందుకు, ఎక్కడైనా ఆయనే వస్తారు. మాలకొండయ్య మోకాళ్ళ కింద నుంచి పాదాల దాకా నలుపూ పసుపూ రంగు చారలు వేశారు. చీకట్లో బళ్ళవాళ్ళకు కనపడాలని వీపున రేడియం బిళ్ళలు అంటించారు. మెడలో బోర్డు వేలాడదీశారు. 'నక్కలవాగు వంతెన. బరువు పరిమితి 70 కిలోలు. నెమ్మదిగా వెళ్ళుము.' కుడి మణికట్టుకూ రాతి గూటానికీ మధ్య రిబ్బను కట్టి, కాళ్ళ దగ్గర కొబ్బరికాయ కొట్టారు. పెద్దాయన తొంభై ఐదు కిలోలు. అందుచేత ప్రారంభించారు గానీ దాటలేదు.

"రాయీ సిమెంటుతో ఎవరైనా కడతారు" అన్నారు పెద్దాయన మైకులో. "మేము మానవత్వంతో కట్టాం."

ఊరంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టినవాళ్ళకు పులిహోర పొట్లాలున్నాయి. మాలకొండయ్య నెమ్మదిగా, "సార్, మరి అసలు వంతెన ఎప్పుడు కడతారు?" అని అడిగాడు. ఏఈ గారు చెవి దగ్గరికి వంగి, "మాలకొండయ్యా, ప్రారంభమైన తర్వాత వంతెనలు మాట్లాడకూడదు" అన్నారు.

ఆ మర్నాడు మాలకొండయ్య ఎప్పటిలాగే పిల్లల్ని దాటించి, కందిచేను కలుపు తీయడానికి పోయాడు. మూడో రోజుకు కాగితం వచ్చింది. 'సదరు వంతెన 14వ తేదీ ఉదయం పది గంటలకు తన స్థలమునందు కనపడలేదని ఈ కార్యాలయం దృష్టికి వచ్చియున్నది. ముందస్తు అనుమతి లేకుండా వంతెన స్థలము విడిచిపోవుట తీవ్రముగా పరిగణించబడును.' బడి పంతులు చదివి వినిపించాడు.

"కదిలే రకం అని వాళ్ళే గదా రాసుకుంది" అన్నాడు మాలకొండయ్య.

"కదలొచ్చు పెదనాయనా. పోకూడదంట."

విత్తన వేరుశనగ ఇస్తున్నారంటే రైతు కేంద్రానికి పోయాడు. అక్కడి అమ్మాయి కంప్యూటరులో వెతికి, మళ్ళీ వెతికి, ఆయన వైపు జాలిగా చూసింది. "మీ పేరు రైతుల్లో లేదండీ. ప్రభుత్వ కట్టడాల్లో ఉంది. కట్టడాలకు విత్తనాలివ్వరు." వెనక వరసలో నిలబడ్డవాడు, "సున్నం ఇస్తారేమో అడుగు మావా" అన్నాడు. నవ్వారు. మాలకొండయ్య కూడా నవ్వాడు. ఖాళీ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

వరస దాటి బయటికి వచ్చేలోపే ఎవరో ఆయన వీపున, గోడకు అంటించినట్టు, సర్కస్ పోస్టరు అంటించారు. ఇంటికి పోయేదాకా ఆయనకు తెలియలేదు.

మోకాళ్ళ నొప్పులు మరీ ఎక్కువయ్యాయి. పెద్దాసుపత్రికి పోవడానికి రెండు రోజులు సెలవు అడిగాడు. వంతెనలకు సెలవు నిబంధన లేదు, మరమ్మతు నిబంధన ఉంది అని జవాబు వచ్చింది. పదిరోజులకు ఆఫీసు పంపగా మేస్త్రీ ఒకడు తాపీ, తట్ట, అర బస్తా సిమెంటుతో దిగాడు. కొత్తవాడు. కాగితంలో 'రెండు మోకాళ్ళు, పగుళ్ళు పూడ్చుట' అని ఉంది. మాలకొండయ్య మంచం మీద కూర్చుని పంచె పైకి లాగి చూపించాడు. మేస్త్రీ ఆ మోకాళ్ళ వైపూ తన తాపీ వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఇది నా పని గాదు మావా" అన్నాడు చివరికి. తిరపతమ్మ ఇచ్చిన టీ తాగి, పోతూ పోతూ జేబులో ఉన్న నొప్పుల మలాం ఇచ్చిపోయాడు. ఇరవై రెండేళ్ళలో ఆ శాఖ నుంచి జువ్విపాలేనికి ముట్టిన సాయం అదొక్కటే.

మళ్ళీ అర్జీ పట్టుకుపోయాడు. ఈసారి దైవాధీనం గారికి కోపం వచ్చింది.

"ఒక వాగుకు రెండు వంతెనలు అడుగుతావా? వంతెనే వచ్చి వంతెన కావాలంటే పై వాళ్ళకు మేమేం సమాధానం చెప్పుకోవాలి? వెళ్ళి నీ స్థలంలో ఉండు. వాన వచ్చేట్టుంది."

వాన వచ్చింది. భాద్రపదంలో మూడు రోజులు ముసురు పట్టి, వాగు ఎర్రగా పొంగింది. నాలుగో రోజు కాస్త తగ్గినట్టు కనపడితే, పరీక్ష ఉందని ఏడుస్తున్న ఆరో తరగతి పిల్ల షాహీన్‌ను భుజాన ఎక్కించుకుని దిగాడు. నడివాగులో, తంగేడు కొమ్మ పక్కనే, ఎడమ మోకాలు మడత పడింది. నీళ్ళు ఆయన గడ్డందాకా వచ్చాయి. ఒక చేత్తో పిల్ల కాళ్ళు వదలకుండా, ఇంకో చేత్తో మోకు దొరకబుచ్చుకుని, ఎట్లా లేచాడో ఆయనకే తెలియదు. పిల్ల ఆటనుకుని కిలకిలా నవ్వింది. అవతలి గట్టున దింపాక, "రేపు కూడా ఇట్టా ముంచి లేపు తాతా" అంది.

ఆ రోజు మాలకొండయ్య సంకటి ముద్ద చేతిలో పట్టుకుని, నడివాగులో జరిగిందంతా తిరపతమ్మకు చెప్పాడు. తిరపతమ్మ పళ్ళెం పక్కన కూర్చుంది.

"చెప్పేది ఇను. నువ్వు మనిషివైతే ఆస్పత్రికి పోవాల. వంతెనవైతే ఇంత వరదకు కొట్టుకుపోవాల. రెండూ చెయ్యకుండా గట్టు మీద గూటం మాదిరి నిలబడితే రేపు పిల్ల పోద్ది. అప్పుడు నిజంగానే వంతెన ఏస్తారు, మనం దాని మీద నడవగలమా?"

మాలకొండయ్య ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. పెళ్ళాం మాటల్లో ఒకటి పట్టుకున్నాడు. తర్వాత భూషణం టీకొట్టు దగ్గరికి ఊరందరినీ పిలిచాడు.

"అయ్యా, నేను కొట్టుకుపోదామనుకుంటన్నా" అన్నాడు.

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కొట్టుకుపోయేది మనిషి కాదు, కాగితాల మీది వంతెన అని పంతులు వివరం చెప్పాడు. మాలకొండయ్య ఒకటే అడిగాడు. తను లేని వారం రోజులు ఎవరూ వాగులో కాలు పెట్టకూడదు. పాలు తోడేసుకోండి. పిల్లల్ని బడి మానిపించండి. ఎంత పనున్నా సరే.

"నా పెళ్ళిచూపులున్నయ్యి గురువారం" అన్నాడొకడు.

"నిన్ను చూడకపోవడం ఆ పిల్ల అదృష్టం, కూర్చో" అంది తిరపతమ్మ.

అందరూ ఒట్టేశారు. అయినా ఆయనకు నమ్మకం కుదరక, వాగులో గుచ్చిన తంగేడు కొమ్మలన్నీ పీకేశాడు. దారి కనపడకపోతే ఎవడూ దిగడు. చివరికి తిరపతమ్మను వీపున వేసుకుని, మోకు పట్టుకుని, తను ఒక్కడే ఎరిగిన దారిన అవతలికి దాటాడు. ఆమె డెబ్బై కిలోల లోపే. బోర్డు విప్పి తుమ్మ మొద్దుకు తగిలించి, ఇద్దరూ కందుకూరు బస్సెక్కారు. అక్కడ బామ్మర్ది ఇల్లు ఆస్పత్రికి దగ్గర.

మూడో రోజు రాజధాని నుంచి తనిఖీ బృందం వచ్చింది. వంద శాతం ఎలా సాధించారో కళ్ళారా చూడాలని. జీపులు అవతలి గట్టున ఆగాయి. వాగు ఉంది. ఊరు ఉంది. వంతెన లేదు.

"వంతెన ఏది?" అని ఏఈ గారు గట్టు మీద నుంచి అరిచారు.

"కొట్టుకుపోయింది సార్" అని ఇవతలి గట్టు నుంచి భూషణం అరిచాడు.

"ఎప్పుడు?"

"సోమవారం సార్. బస్సు టయానికి."

"ఎటు పోయింది?"

"కందుకూరు వైపు కనపడిందని చెప్పుకుంటన్నారు."

ఏఈ గారి ముఖం ముందు పాలిపోయింది, తర్వాత విప్పారింది. ఎందుకంటే ఆ శాఖలో కట్టని వంతెనకు బాధ్యులుంటారు గానీ, కొట్టుకుపోయిన వంతెనకు ఉండరు. అది ప్రకృతి పద్దు. తనిఖీ బృందం పెద్ద, వంతెన తాలూకు శిథిలంగా బోర్డును ఫోటో తీయించి, రెండు నిమిషాలు తలవంచుకుని నిలబడ్డాడు. అక్కడికక్కడే నివేదిక తయారైంది. 'ఇటీవలి వరదలకు నక్కలవాగు వంతెన పూర్తిగా కొట్టుకుపోయినది. ప్రజల ఇబ్బందుల దృష్ట్యా అత్యవసర ప్రాతిపదికన యథాతథముగా పునర్నిర్మించవలెను.'

దైవాధీనం గారు మాత్రం ఆఫీసుకు వచ్చాక రిజిస్టరు ముందు పెట్టుకుని మాలకొండయ్య పోయినట్టా కాదా అని ఒక పూట మథనపడ్డారు. చివరికి 'మరణాలు లేవు' అనే రాశారు. పోయింది వంతెన గదా.

వారం తర్వాత మాలకొండయ్య మోకాళ్ళకు పట్టీలు వేసుకుని తిరిగొచ్చేసరికి ఊళ్ళో పండగ వాతావరణం ఉంది. సిమెంటు వంతెన మంజూరైంది. ఇరవై రెండేళ్ళ అర్జీలకు కానిది ఒక్క వారం కనపడకపోతే అయింది. అవతలి గట్టున కూర్చుని ఆయన చాలాసేపు వాగు వైపు చూశాడు. ఎక్కడెక్కడ స్తంభాలు లేస్తాయో తిరపతమ్మకు వేలితో చూపించాడు.

"అక్కడ నిలబడి నేనూ ఒకపాలి నీళ్ళు కిందికి పోవటం చూడాల" అన్నాడు. "ఇన్నేళ్ళూ ఎప్పుడూ నడుం మీదుగానే పోయినయ్యి."

నీళ్ళు తగ్గాక పని మొదలైంది. ఒక ట్రాక్టరు ఇసుక, పది బస్తాల సిమెంటు, నాలుగు ఇనుప కడ్డీలు దిగాయి. వెనకే మలాం ఇచ్చిపోయిన మేస్త్రీ దిగాడు. మాలకొండయ్య సాయంత్రందాకా చూసి, "మిగతా సామాను రేపొస్తదా?" అని అడిగాడు.

మేస్త్రీ తల ఎత్తలేదు. "ఇంతే మావా."

"ఎనభై అడుగుల వాగయ్యా."

మేస్త్రీ జేబులోంచి కాగితం తీసి పంతులు చేతికిచ్చాడు. పంతులు చదివాడు. 'పాత వంతెన కొలతల ప్రకారము. పొడవు ఐదడుగుల ఆరంగుళాలు. వెడల్పు అడుగున్నర. బరువు పరిమితి డెబ్బై కిలోలు. స్థలము: ఇవతలి గట్టు, రాతి గూటము ప్రక్కన. నలుపు పసుపు రంగులు వేయవలెను.'

చదవడం అయ్యాక పంతులు కాగితం మడిచాడు. తిరపతమ్మ, "ముక్కూ చెవులూ పెట్టమన్నారా, అక్కర్లేదా?" అని అడిగింది.

రెండు రోజుల్లో వంతెన పూర్తయింది. గట్టు మీద రెండు పొట్టి దిమ్మెలు, వాటి మీద పలక. వాగు అక్కడికి పది అడుగుల దూరంలో దానిమానాన అది పోతోంది. పెద్దాయన మళ్ళీ వచ్చి రిబ్బను కత్తిరించారు. బరువు పరిమితి కారణంగా ఈసారి కూడా ఎక్కలేదు. ఏఈ గారు మాలకొండయ్య భుజం తట్టారు.

"నీ కోరిక తీరింది గదయ్యా. ఇక నువ్వు వంతెనవు కాదు. హాయిగా పొలం చూసుకో."

"మరి విత్తనాలు ఇస్తారా సార్?"

ఏఈ గారు ఫోను తీసి చూశారు. "కొట్టుకుపోయిన కట్టడాల జాబితాలో ఉన్నావు. వాటికీ ఇవ్వరు."

ఆ రాత్రి కొండల్లో మళ్ళీ వాన పడింది. పొద్దున్నే మాలకొండయ్య కర్రతో అడుగు పొడుచుకుంటూ పోయి, కొత్త తంగేడు కొమ్మలు గుచ్చి, మోకు బిగించి వచ్చాడు. గట్టు మీద తడి నేల, కూర్చుంటే లేవలేడు. ఇటూ అటూ చూసి, పోయి వంతెన మీద కూర్చున్నాడు.

షాహీన్ పుస్తకాల సంచితో వచ్చి ఎదురుగా నిలబడింది. వంతెనను ఈ చివర నుంచి ఆ చివరకు పక్కనే మూడు అంగలు వేసి చూసేసింది.

"ఎట్టుంది తాతా, మన వంతెన?"

"కూర్చోడానికి బాగుంది తల్లీ" అన్నాడు మాలకొండయ్య. పలక మీద చెయ్యి ఆనించి లేచి, పట్టీలు వేసిన మోకాళ్ళ మీద నెమ్మదిగా వంగాడు. "ఎక్కు."